‘నెట్ రేటు’కి ఒప్పుకోవచ్చా? విజయనగరంలో నాన్నగారి ఇల్లు అమ్మాలనుకుంటున్న పాఠకురాలికి సమాధానం

ప్రశ్న: విజయనగరం తోటపాలెంలో మా నాన్నగారు కట్టిన ఇల్లు ఉంది. రెండు వందల గజాల స్థలం, కింద రెండు పోర్షన్లు, పైన ఒక గది. ఆయన స్కూలు టీచరుగా చేస్తూ 1987లో స్థలం కొని, మరుసటి ఏడాది ఇల్లు కట్టారు. మూడేళ్ల కిందట పోయారు. విల్లు రాయలేదు. అమ్మ హైదరాబాదులో నా దగ్గరే ఉంటోంది. అక్క శ్రీకాకుళంలో, తమ్ముడు అమెరికాలో. ఇంటికి తాళం వేసి ఉంది. అమ్మేసి ముగ్గురం సమానంగా పంచుకుందాం అనుకున్నాం. నాన్నగారి దగ్గర చదువుకున్న ఒకతను అక్కడే రియల్ ఎస్టేట్ ఏజెంటు. “అక్కా, మీరేం టెన్షన్ పడకండి. మీకు నెట్ అరవై లక్షలు నేనిప్పిస్తాను, పైన ఏమొచ్చినా నాది. ఒరిజినల్ కాగితాలు నా దగ్గర పెట్టి, నా పేరున ఒక జీపీఏ (మీ బదులు సంతకం పెట్టే పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చేయండి. మీరెవరూ తిరగక్కర్లేదు” అంటున్నాడు. రిజిస్ట్రేషన్ తక్కువకి చేసి మిగతాది క్యాష్‌గా తీసుకుంటే పన్ను కూడా తగ్గుతుందట. మంచివాడే. కాదంటే నొచ్చుకుంటాడని అక్క అంటోంది. ఒప్పుకోవచ్చా? కమీషన్ ఎంత ఇవ్వాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం:

ఒప్పుకోవద్దు. అలాగని అతన్ని వదులుకోవద్దు కూడా. ఊళ్లో లేని మీకు ఇల్లు తెరిచి చూపించేవాళ్లు, వచ్చిన పార్టీ నిజంగా కొనేదా ఊరికే చూసిపోయేదా అని తేల్చేవాళ్లు కావాలి. ఆ పని బాగా చేసే ఏజెంటుకి మంచి కమీషన్ ఇవ్వడం న్యాయం. కానీ అతను అడుగుతున్నవి ఆ పనికి అక్కర్లేనివి. ధర, కాగితాలు, సంతకం మూడూ తన చేతికి ఇమ్మంటున్నాడు. ఆ మూడూ అతని దగ్గరుంటే మీరు పేరుకే యజమానులు.

ముందు నెట్ రేటు సంగతి. మన ఉత్తరాంధ్ర ఊళ్లలో ఇది మామూలు పద్ధతే, కాబట్టి అతనేదో మోసం తలపెట్టాడని అనుకోనక్కర్లేదు. అయితే అందులో ఏం జరుగుతుందో చూడండి. మీకు అరవై అన్నాడు. పార్టీకి డెబ్బై రెండు చెప్పాడనుకుందాం. ఇద్దరూ ఎదురుపడితే ఆ తేడా బయటపడుతుంది కాబట్టి మిమ్మల్నీ పార్టీనీ కూర్చోబెట్టడు. కొనేవాళ్లు బ్యాంకు లోను తీసుకునేవాళ్లైతే లోను ఎక్కువ రావాలని పూర్తి డెబ్బై రెండుకే దస్తావేజు రాయమంటారు. అప్పుడు కాగితం మీద డెబ్బై రెండు లక్షలకు అమ్మింది మీరు. అతను తీసుకున్న పన్నెండు లక్షలకు రసీదు ఉండదు. ఆదాయపు పన్ను శాఖ దృష్టిలో ఆ లాభమూ మీదే. మీ చేతికి రాని పన్నెండు లక్షల మీద పన్నెండున్నర శాతం చొప్పున లక్షన్నర, దాని మీద సెస్సు, మీరే కట్టాలి. అదే కమీషన్‌ను బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకుంటే, అమ్మకపు ఖర్చు కింద లాభంలోంచి తీసేసుకోవచ్చు.

ఇంకో రకం కూడా ఉంది. పార్టీ వెంటనే దొరకకపోతే ఏజెంటే లక్షో రెండు లక్షలో అడ్వాన్సు ఇచ్చి, తన పేరునో తన మనిషి పేరునో అగ్రిమెంటు రాయించుకుంటాడు. గడువు ఆరు నెలలు పెడతాడు. ఆ కాగితంలో “కొనుగోలుదారుడు గానీ, అతను సూచించినవారు గానీ” అన్న మాట ఉందేమో వెతకండి. భార్య పేరున రిజిస్టర్ చేయించుకోవాలనుకునే మామూలు కుటుంబాలు కూడా ఈ మాట రాయించుకుంటాయి, అది వేరే సంగతి. ఏజెంటు చేతిలో మాత్రం ఆ ఒక్క మాటతో అగ్రిమెంటే సరుకు అవుతుంది. అది చేతులు మారుతూ పోతుంది, మారిన ప్రతిసారీ మధ్యలో కొంత లాభం. మీ ఇల్లు మాత్రం అక్కడే, అదే ధరకు, తాళం వేసి ఉంటుంది. గడువు దాటాక మీరు కాదన్నా, అగ్రిమెంటు ప్రకారం రిజిస్ట్రేషన్ చేయమని కోర్టుకు వెళ్లడానికి వాళ్లకి మూడేళ్ల వ్యవధి ఉంటుంది. కేసు పడ్డ ఇంటిని ఎవరూ కొనరు. కాబట్టి అగ్రిమెంటు రాస్తే అసలు కొనేవాళ్లతోనే రాయండి. దస్తావేజు ఎవరి పేరున కావాలో ఆ పేరు అందులోనే రాయించండి.

జీపీఏ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది మీ బదులు సంతకం పెట్టే అధికారం. ఎవరికి, ఎంతకు అమ్మాలి, డబ్బు ఎవరి ఖాతాలో పడాలి అన్నవి అందులో రాసినదాన్ని బట్టి అతని ఇష్టమైపోవచ్చు. డబ్బు పుచ్చుకుని రాసిన జీపీఏని తర్వాత రద్దు చేయడం కూడా అంత సులువు కాదు. అధికారం ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే ఇంట్లోవాళ్లకే ఇవ్వండి. మీ తమ్ముడికి అది ఎలాగూ అవసరం. అక్కడి భారత కాన్సులేట్‌లో మీ పేరునో అక్కగారి పేరునో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు వేయించాలి. ఆ పవర్ ఈ ఒక్క ఇంటికే, అమ్మకానికే అని డోర్ నంబరుతో సహా రాయించండి.

ఒరిజినల్స్ అసలే ఇవ్వకండి. పార్టీకి గానీ, బ్యాంకు లాయరుకి గానీ మొదట జిరాక్సులు చాలు. లాయరు ఒరిజినల్ చూడాలంటే మీలో ఒకరు పట్టుకెళ్లి, చూపించి, పట్టుకొచ్చేయండి. చేతులు మారేది రిజిస్ట్రేషన్ రోజునే. ఒరిజినల్ దస్తావేజు పోతే పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటన, సర్టిఫైడ్ కాపీ అంటూ నెలలు పడుతుంది. ఈలోగా పార్టీ బేరం తగ్గించేస్తుంది.

ఇప్పుడు క్యాష్ మాట. ఇందులో అతను చెప్పింది దాదాపు అంతా తప్పు. స్టాంపు డ్యూటీ మీరు రాసుకున్న ధరకూ, ప్రభుత్వ మార్కెట్ విలువకూ ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. ఆచారం ప్రకారం అది కొనేవాళ్లే కడతారు. అంటే తక్కువ రాస్తే మిగిలేది ముఖ్యంగా వాళ్లకి. చిక్కు మీకు. ఆస్తి అమ్మకంలో ఇరవై వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్నవాళ్ల మీదే. ప్రభుత్వ విలువ మీరు రాసిన ధర కన్నా పది శాతానికి మించి ఎక్కువైతే, ఆ ప్రభుత్వ విలువకే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను వేస్తారు. పైగా మీ తమ్ముడి వాటా ఎలా పంపుతారు? విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకులో ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి బ్యాంకు ద్వారా వచ్చి, పన్ను కట్టి, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ ఉన్న డబ్బే అమెరికాకు వెళ్తుంది. సంచిలో వచ్చిన నోట్లు అక్కడికి చేరవు.

పన్ను అతను భయపెట్టినంత ఉండదు. మీ నాన్నగారు 2001 కన్నా ముందు కట్టిన ఇల్లు కాబట్టి, 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. అది అప్పటి ప్రభుత్వ మార్కెట్ విలువను మించకూడదు. ఆ విలువ కాగితం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి, దాన్ని బట్టి ఆస్తి విలువ కట్టే వాల్యూయర్ రిపోర్టు ఇస్తారు. ఉదాహరణకి 2001లో విలువ ఐదు లక్షలు అనుకుంటే, అరవై లక్షలకు అమ్మితే లాభం యాభై ఐదు లక్షలు, 12.5 శాతం చొప్పున పన్ను సుమారు ఆరు లక్షల ఎనభై ఎనిమిది వేలు. ఇండియాలో ఉండేవాళ్లకి, కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీతో పెంచి పాత పద్ధతిలో 20 శాతం కట్టే దారి కూడా ఉంది. కానీ 2025-26 సూచీ 376తో లెక్కేస్తే ఎనిమిది లక్షల ఇరవై నాలుగు వేలు అవుతుంది కాబట్టి ఇక్కడ లాభం లేదు. ఆ వచ్చే పన్ను కూడా వాటాల ప్రకారం విడిపోతుంది. మీలో ఎవరైనా తమ లాభంతో రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా, ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థల బాండ్లలో పెట్టినా ఆ మేరకు మినహాయింపు ఉంది.

మొత్తం ధర యాభై లక్షలు, అంతకు మించితే కొనేవాళ్లు మీ వాటాల్లోంచి 1 శాతం టీడీఎస్ (మీ తరఫున ముందే కట్టే పన్ను) పట్టుకుంటారు. ఒక్కొక్కరి వాటా యాభై దాటలేదు కదా అంటే కుదరదు, 2024 అక్టోబరు నుంచి అందరి వాటాలూ కలిపే చూస్తున్నారు. తమ్ముడి వాటాకు రేటు వేరు. ఎన్‌ఆర్‌ఐ కాబట్టి 12.5 శాతం, దాని మీద సెస్సు కలిపి 13 శాతం. చట్టం లాభం మీదే పట్టుకోమంటుంది గానీ, కొనేవాళ్లు భయపడి మొత్తం మీద పట్టుకుంటారు. తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కి తమ్ముడు ముందే దరఖాస్తు పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. దానికి వారాలు పడుతుంది, కాబట్టి పార్టీ దొరికేదాకా ఆగకుండా ఆడిటర్‌తో మాట్లాడి ఉంచండి.

అతనికి చెప్పేలోపు మీరు చేసుకోవాల్సిన పనులున్నాయి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి, సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెట్టవచ్చు. నాన్నగారి మరణ ధ్రువపత్రం జత చేసి ఇంటి పన్ను వారసుల పేర్లకు మార్పించండి. ఈసీ, అంటే ఇంటి మీద అప్పులు, లావాదేవీలు చూపించే కాగితం, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. ఎప్పుడో తీసుకున్న హౌసింగ్ లోను తీరిపోయినా అందులో అలాగే కనిపిస్తుంటే, బ్యాంకు నుంచి రద్దు దస్తావేజు రాయించి తీయించాలి. టీచరు ఉద్యోగం కాబట్టి నాన్నగారు డిపార్ట్‌మెంటు లోను తీసుకున్నారేమో అమ్మగారిని అడగండి. పైన ఒక గది అన్నారు, దానికి మున్సిపల్ ప్లాను ఉందా? లేకపోతే దాచకండి. బ్యాంకు ఇంజనీరు ఎలాగూ చూస్తారు, అప్పుడు తెలిస్తే పార్టీ అదే సాకుగా మూడు లక్షలు తగ్గిస్తుంది.

ధర మీకు మీరుగా తెలుసుకోండి. ప్రభుత్వ విలువ వెబ్‌సైట్‌లో ఉంది, అది కనీస ధర మాత్రమే. పైడితల్లి సిరిమాను పండక్కి ఎలాగూ ఊరు వెళ్తారు కదా, ఆ రెండు రోజుల్లో మీ వీధిలోనూ పక్క వీధిలోనూ ఈమధ్య అమ్మిన ఇళ్లవాళ్లతో మాట్లాడండి. మన వైపు ఇలాంటివి ఎవరూ దాచరు. గజం ఎంతకు పడిందో అడగండి, ఎందుకంటే ముప్పై ఏడెనిమిదేళ్ల ఇంటికి కొనేవాళ్లు వేసేది స్థలం ధరే. పడగొట్టి కట్టుకోవాలనుకునేవాళ్లైతే ఇంటికి పైసా ఇవ్వరు. అదే బొబ్బిలి వైపు నుంచో సాలూరు నుంచో పిల్లల చదువుల కోసం టౌనుకి వచ్చే కుటుంబమైతే రెండు పోర్షన్ల ఇంటికి కొంత కడతారు, ఒకటి అద్దెకిచ్చుకోవచ్చని. ఈ రెండు రకాల పార్టీల్లో ఎవరికి చూపిస్తున్నాడో ఏజెంటుని అడగండి. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ధర పెంచి చెప్పేవాళ్లూ, “ఇప్పుడంతా అటే కొంటున్నారు, టౌనులో బేరాల్లేవు” అని తగ్గించి చెప్పేవాళ్లూ ఇద్దరూ తగులుతారు. మీ వీధిలో అమ్ముడైన ధరే మీకు కొలత.

కమీషన్ మన వైపు సాధారణంగా అమ్మేవాళ్ల దగ్గర ఒక శాతం, కొనేవాళ్ల దగ్గర ఒక శాతం. కొందరు రెండేసి అడుగుతారు. మీరు దూరంగా ఉన్నారు, కాగితాల కోసం అతను తిరగాలి, కాబట్టి నేనైతే రెండు శాతం ఇమ్మంటాను. అరవై లక్షలకు లక్షా ఇరవై వేలు. పార్టీ దగ్గర కూడా తీసుకుంటాడా, ఎంత అన్నది మొదటే అడగండి, తీసుకోవడం తప్పు కాదు, దాచడం తప్పు. కమీషన్ అడ్వాన్సు రోజున కాదు, పూర్తి సొమ్ము మీ ఖాతాల్లో పడ్డాక రిజిస్ట్రేషన్ రోజున. ఈ మాటలు వాట్సాప్‌లో అయినా సరే రాసి ఉంచుకోండి. రెరా అనే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కొత్త వెంచర్లు, అపార్ట్‌మెంట్ల ప్రాజెక్టులు అమ్మే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ పెట్టింది గానీ, ఇలాంటి పాత సొంత ఇంటి బేరం దాని కిందికి రాదు. మీకూ అతనికీ మధ్య ఉండేది మీరు రాసుకున్న ఆ నాలుగు వాక్యాలే.

రెండు నెలలు అతనొక్కడికే ఇవ్వండి. ఒకేసారి నలుగురు ఏజెంట్లకు చెబితే ఒకే పార్టీకి నాలుగు ధరలు వినిపిస్తాయి, “ఆ ఇల్లు నలిగిపోయింది” అంటారు ఊళ్లో. రెండు నెలల్లో గట్టి పార్టీ రాకపోతే వేరేవాళ్లకు చెప్పండి. అతను తెచ్చిన పార్టీతో అతనికి తెలియకుండా మీరు విడిగా బేరం మాత్రం ఆడకండి. కమీషన్ మిగులుతుందని చాలామంది ఆ పని చేస్తారు. తిరిగిన మనిషి కష్టం ఊరికే పోగొట్టడం అన్యాయం.

అతను నొచ్చుకుంటాడన్న అక్కగారి బెంగ నిజమైనదే. నాన్నగారి శిష్యుడు, రేపు ఊరెళ్తే ఎదురుపడే మనిషి. అందుకని ఫోన్లో ఇలా చెప్పి చూడండి. “తమ్ముడూ, నాన్నగారి ఇల్లు నీ చేతుల మీదుగానే అమ్ముదాం. నెట్ వద్దు, కమీషన్ మీద చెయ్యి. రెండు శాతం, రిజిస్ట్రేషన్ రోజునే నీ అకౌంట్లో వేస్తాం. పార్టీని మాతో కూర్చోబెట్టు. మావాడు అమెరికాలో ఉన్నాడు, ప్రతి రూపాయీ బ్యాంకులోనే రావాలని ఆడిటర్ గారు గట్టిగా చెప్పారు.” ఇందులో అతన్ని అనుమానించిన మాట ఒక్కటీ లేదు. మంచి ఏజెంటైతే కాస్త గొణిగినా ఒప్పుకుంటాడు. “అలాగైతే నావల్ల కాదక్కా” అంటే, అతనికి మీ పని కన్నా ఆ పై తేడా మీదే ఆశ ఉందని తెలిసిపోతుంది. వేరే మనిషిని చూసుకోండి.

బేరం కుదిరాక అగ్రిమెంటులో అమ్మేవాళ్లందరి సంతకాలు, పది శాతం దాకా అడ్వాన్సు, రెండు మూడు నెలల గడువు, గడువులో డబ్బు కట్టకపోతే ఏమవుతుందో ఉండాలి. రిజిస్ట్రేషన్ రోజున బ్యాంకు డీడీలు చేతికొచ్చాక, ఆన్‌లైన్ డబ్బు ఖాతాలో కనబడ్డాక వేలిముద్ర వేయండి. ఆ తర్వాతే తాళాలు ఇవ్వండి.

చివరిగా, మీరు అడగనిది ఒకటి. “ముగ్గురం సమానంగా” అని రాశారు. నాన్నగారు సొంత సంపాదనతో కొన్న ఇల్లు, విల్లు లేదు. నాన్నగారి తల్లి జీవించి లేకపోతే చట్టం ప్రకారం వారసులు ముగ్గురు కారు, నలుగురు. అమ్మగారికీ మీతో సమానంగా నాలుగో వంతు ఉంది. ఆవిడ సంతకం లేకుండా ఆవిడ వాటా అమ్మకం చెల్లదు, కాబట్టి ఎలాగూ సంతకం పెట్టిస్తారు. డబ్బు దగ్గర మాత్రం చాలా ఇళ్లలో తల్లిని లెక్కలోకి తీసుకోరు. “మా దగ్గరే ఉంటుంది కదా, ఆవిడకెందుకు” అంటారు. దయచేసి అలా చేయకండి. అరవై లక్షలైతే పదిహేను లక్షల డీడీ ఆవిడ పేరునే తీసుకోండి, ఆవిడ ఖాతాలోనే వేయండి. ఖర్చులకు నెలనెలా వడ్డీ వచ్చేలా డిపాజిట్ చేసి, నామినీగా మీ ముగ్గురిలో ఎవరిని పెట్టాలో ఆవిడనే చెప్పమనండి. వేరే ఆదాయం తక్కువైతే ఆవిడ వాటా మీద పన్ను కూడా ఇంకా తగ్గుతుంది. విజయనగరం దాకా ప్రయాణం చేసే ఓపిక లేకపోతే ఈ ఒక్క అమ్మకం వరకు మీ పేరునో అక్కగారి పేరునో పవర్ ఇవ్వవచ్చు. ఆ పవర్ రిజిస్టర్ చేయడానికి ఆఫీసు మెట్లు ఎక్కలేని స్థితి ఉంటే, ఫీజు కట్టి అడిగితే సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చి సంతకం తీసుకునే వీలు చట్టంలో ఉంది.